డల్లాస్‌లో కూర్చుని డాబా వేడి లెక్క

నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో హైదరాబాదులో ఇల్లు కడుతున్నారు. ప్లాను పంపి, "పడమటి గదికి పెద్ద కిటికీ పెట్టించమంటావా?" అని అడిగారు. మనకొచ్చిన విద్య కోడు రాయడమేగా! అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసిన ఎనర్జీప్లస్‌ని డౌన్‌లోడ్ చేసుకున్నాను. ఉచితమే.

దీని దృష్టిలో ఇల్లంటే ఒక టెక్స్ట్ ఫైలు: ఏ గోడ ఎటు చూస్తోంది, ఎంత మందం, దేనితో కట్టారు. రెండో ఇన్‌పుట్ ఆ ఊరి వాతావరణం ఫైలు. అందులో ఏడాదిలోని 8,760 గంటలకీ ఎండ, గాలి, తేమ వివరాలుంటాయి. ఎటునుంచి ఎంత వేడి లోపలికొస్తుందో గంటగంటకీ లెక్కకడుతుంది.

మొదటిసారి డల్లాస్ ఫైలుతోనే నడిపేశాను. డిఫాల్ట్ మార్చకపోవడం మన పాత జబ్బే! డల్లాస్‌లో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. హైదరాబాదులో జూన్‌లో నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు.

ఫైలు మార్చాక కిటికీ సంగతి తేలింది. సాయంత్రపుటెండ ఏటవాలుగా పడుతుంది, సజ్జ దాన్ని పెద్దగా ఆపలేదు. కానీ అసలు దొంగ స్లాబు. వేసవిలో పగలంతా ఎండ దానిమీదే, రాత్రికి ఆ వేడంతా గదుల్లోకి దిగుతుంది. పైన తెల్లపూత వేసినట్టు మార్చి నడిపితే, కిటికీ తీసేసినప్పటికంటే ఎక్కువ తేడా కనిపించింది.

ఫోన్‌లో చెబితే నాన్నగారు నవ్వి, "మా చిన్నప్పుడు డాబాకి సున్నం కొట్టేవాళ్ళంరా" అన్నారు. కిటికీ మాత్రం చిన్నది చేయించారు.

అన్నట్టు, రాత్రిళ్ళు కిటికీలు మూసి ఉంటాయనుకుని మోడల్ రాశాను. అమ్మ తెరిచే పడుకుంటుంది. మళ్ళీ నడపాలి.