చెరువు గట్టున సెల్ కాపలా

రేడియో వింటూ ఉండగా, ప్రక్కనున్న పాత సెల్‌ఫోను మ్రోగబోయే ముందు స్పీకరులో "టర్, టర్" మని ఒక చప్పుడు రావడం మీలో చాలమంది అనుభవంలోనిదే. ఆ చప్పుడు శ్రోతకు చికాకు. కాని సెల్ బోర్డును కూర్చదలచినవారికి అది ఒక పాఠం. ఆ పాఠం ఏమిటో ఈనాడు చెప్పుకొందాం.

ముందు దాని అవసరాన్ని చూద్దాం. గోదావరి పాయల నడుమనున్న ఐ. పోలవరం ప్రాంతంలో కొబ్బరితోటలతో, వరిచేలతో పాటు రొయ్యల చెరువులూ ఉన్నవి. పగలు నీటిలోని నాచు ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి ఆ పని మాని, తానే ప్రాణవాయువును వాడుకొంటుంది. అందుచేత తెల్లవారుజామున నీటిలో అది మిక్కిలి తక్కువగా ఉంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటె తగ్గితే రొయ్యలు ఉక్కిరిబిక్కిరి అవుతాయి. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయి, కాపలా మనిషికి కునుకు పట్టిందనుకోండి. నెలల తరబడి చేసిన శ్రమ, తెచ్చిన అప్పు ఒక్క ఉదయాన నీటిపాలవుతాయి. కరెంటు పోయిన వెంటనే రైతు ఇంట ఫోను మ్రోగితే, లేచి వెళ్ళి జనరేటరు వేసుకొనవచ్చును.

ఇందుకు కావలసినవి రెండు. ఒకటి ఆర్డునో వంటి మైక్రోకంట్రోలరు. ఇది గమనించి నిర్ణయించే బుర్ర. రెండవది సిమ్ కార్డు పెట్టుకొనే సెల్ బోర్డు. ఇది మాట చేరవేసే గొంతు. కరెంటు ఉన్నదీ లేనిదీ తెలియడానికి మామూలు సెల్‌ఫోను చార్జరు చాలు. అది ఇచ్చే 5 వోల్టులు ఆగిపోగానే మైక్రోకంట్రోలరు గ్రహిస్తుంది. మూడు ఫేజుల మోటారైతే ఫేజుకొక చార్జరు ఉండాలి; ఒక్క ఫేజు పోయినా ప్రమాదమే గదా! 230 వోల్టుల తీగను మాత్రం ఈ బోర్డుల దరికి రానీయరాదు. ఆ భాగం ఎలక్ట్రీషియను చేతనే చేయించుకొనాలి.

అంతా కూర్చి మీట నొక్కగానే సెల్ బోర్డుపై దీపం మినుకుమంటుంది. సిమ్800 జాతి బోర్డులలో నెట్‌వర్కు వెదకుచున్నంతసేపూ ఆ దీపం ఇంచుమించు సెకండుకొకసారి, దొరికిన పిమ్మట మూడు సెకండ్లకొకసారి వెలుగుతుంది. అంతా బాగున్నదనుకొని ఫోను చేయబోతే, బోర్డు చప్పున ఆరి మళ్ళీ మొదటినుండి వెదకడం ప్రారంభిస్తుంది. చాలమంది అప్పుడు ప్రోగ్రామును అనుమానిస్తారు, సిమ్‌ను మారుస్తారు. నేరం సాధారణంగా వాటిది కాదు, కరెంటుది.

ఇప్పుడు రేడియోలోని చప్పుడును జ్ఞాపకం చేసుకోండి. 2జి పద్ధతిలో ఒకే తరంగాన్ని ఎనిమిదిమంది వంతులవారీగా పంచుకొంటారు. అందుచేత ఫోను ఎడతెగకుండా మాట్లాడదు. సెకండుకు 217 మారులు, ప్రతిసారీ సెకండులో సుమారు 1700వ వంతు కాలం మాత్రమే గట్టిగా అరచి ఊరుకొంటుంది. రేడియోలో మనం వినేది ఆ అరుపులనే. అరచిన ప్రతిసారీ బోర్డు 2 ఆంపియర్ల వరకు లాగుతుంది. సగటున చూస్తే అది పావు ఆంపియరు దాపున ఉంటుంది. మీటరు ఆ సగటునే చూపించి మనలను నమ్మిస్తుంది. కంప్యూటరు యు.ఎస్.బి. నుండి మామూలుగా వచ్చే అర ఆంపియరు చాలుననిపించేదీ అందుకే.

సిమ్800ఎల్ బోర్డుకు 3.4 నుండి 4.4 వోల్టుల వరకు కావాలి. తిన్నగా 5 వోల్టులు ఇస్తే చెడుతుంది, 3.4 కంటె దిగితే ఆరిపోతుంది. 4 వోల్టులు పెట్టినామనుకోండి. సన్నని తీగలో 0.2 ఓముల నిరోధం ఉంటే, 2 ఆంపియర్ల వద్ద 0.4 వోల్టు తరిగి 3.6 మిగులుతుంది, గండం గడుస్తుంది. ఉప్పుగాలికి చిలుము పట్టిన అతుకు మరో 0.2 ఓము కలిపితే 3.2 మాత్రమే మిగిలి బోర్డు పడిపోతుంది. సముద్రం దాపున ఉండేవారు తీగలను మెలిపెట్టి వదలక, సోల్డరు చేసి పూత పూయడం మంచిది.

కనుక గట్టుమీద 12 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు దారులు తీయాలి. ఒకటి 3 ఆంపియర్లు ఈయగల స్టెప్‌డౌన్ కన్వర్టరు ద్వారా 4 వోల్టులై సెల్ బోర్డుకు. మరొకటి 5 వోల్టులై మైక్రోకంట్రోలరుకు. సెల్ బోర్డును తగిలించక ముందే కన్వర్టరు మరను త్రిప్పి, మీటరుతో 4 వోల్టులు సరిచూచుకొనాలి. తీగలు పొట్టిగా, లావుగా ఉండాలి. బోర్డు మొదటనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరును ఉంచాలి. అది కన్వర్టరుకు తోడే గాని బదులు కాదు. ఒంటరిగా 2 ఆంపియర్లు ఈయవలసివస్తే ఒక్క అరుపుకే వోల్టుకు పైగా దిగజారుతుంది.

రెండు బోర్డుల గ్రౌండు తీగలను తప్పక కలపాలి. లేనిచో ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు. ఒకదాని టి.ఎక్స్. రెండవదాని ఆర్.ఎక్స్.కు పోవాలి. ఆర్డునో 5 వోల్టులతో మాట్లాడుతుంది. సెల్ బోర్డు వినగలిగినది 2.8 వోల్టులు. నడుమ లెవెల్ కన్వర్టరు ఉంచితే ఇద్దరికీ క్షేమం.

ఏంటెన్నాను గుంజకు ఎత్తుగా కట్టాలి. టవరు అందనికొద్దీ బోర్డు గొంతు పెంచుతుంది, కరెంటును మరింత లాగుతుంది. 2జి సేవ లేని జియో సిమ్ ఈ బోర్డులో పనిచేయదు. క్రొత్తగా కొనేవారు 4జి బోర్డు తీసికొనడం మేలు. వాటిలో చాలవరకు 1.8 వోల్టుల భాష మాట్లాడుతాయి గనుక లెవెల్ కన్వర్టరు తప్పదు. పెద్ద అరుపుకు తగిన కరెంటు ఉండాలనే నియమం అక్కడా మారదు.

చివరకు, చార్జరును చేతితో ఊడదీసి, ఇంట ఫోను మ్రోగినదో లేదో చూచుకొనండి. మ్రోగిన పిమ్మట కూడ దీపం మూడు సెకండ్లకొకసారే వెలుగుతూ ఉంటే పని కుదిరినట్లు. పట్టపగలు ఒకమారు, తెల్లవారుజామున ఒకమారు, వానలో ఒకమారు పరీక్షించండి. అటుపైన కూడ కాపలా మనిషిని మాన్పించవద్దు. ఈ పరికరం అతనిని నిద్రలేపడానికే గాని, అతని చోట నిలబడడానికి కాదు.