ట్యాంకు నుండి మోటారునకు తీగలేని వార్త
గ్రామములలో చిన్న వైర్‌లెస్ మాడ్యూళ్ల అమరిక

ఒకప్పుడు పంచాయతీ కార్యాలయమునందు ప్రభుత్వము వారు అమర్చిన రేడియో పెట్టె చుట్టును సాయంకాలము గ్రామస్థులు గుమిగూడెడివారు. దాని ముల్లును స్టేషను గుర్తు మీదికి సరిగా త్రిప్పిననాడు మాట స్పష్టముగా వినవచ్చెడిది. గోరంత ప్రక్కకు జరిగిననాడు గరగర శబ్దమే మిగిలెడిది. నేడు బొటనవ్రేలి గోరంత రేడియోలు వచ్చినవి. ఇవి వినుటయే కాక పలుకగలవు కూడ. వీనికి త్రిప్పుడు మర లేదు. ఏ స్థానమున పలుకవలెనో, ఎవరితో పలుకవలెనో ముందుగా అక్షరములలోను అంకెలలోను వ్రాసి తెలుపవలెను. ఇట్లు తెలుపుటనే అమరిక అందురు. వైర్‌లెస్ మాడ్యూలు అనబడు ఈ వస్తువు యొక్క మంచి చెడ్డలన్నియు చాలవరకు ఈ అమరికయందే యున్నవి.

పంచాయతీ సభ్యులకు దీనితో నేమి పని యని అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలునందలి 29 అంశములలో త్రాగునీరు ఒకటి. అనేక గ్రామములలో బోరుబావి ఒకచోట, నీళ్ల ట్యాంకు వేరొకచోట నుండును. ట్యాంకు నిండినదో లేదో మోటారు వద్ద నున్నవానికి కనబడదు. నిండిన తరువాతను మోటారు తిరిగినచో నీరు వీధిపాలు, విద్యుత్తు వృథా. ముందుగా ఆపినచో చివరి వీధికి నీరందదు. రెంటికి నడుమ తీగ లాగినచో రోడ్డు త్రవ్వినప్పుడెల్ల అది తెగుచుండును.

నీతి ఆయోగ్ వారు 2016లో ప్రారంభించిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలలో 6 నుండి 12 తరగతుల విద్యార్థులు ఇట్టి పరికరములను స్వయముగా చేయుట నేర్చుచున్నారు. ఉత్సాహము గల యువకులు మీ వద్దకు వచ్చి, "ట్యాంకులో నీటిమట్టమును మోటారు వద్దకు వార్తగా పంపెదము" అని చెప్పవచ్చును. సభ్యులు స్వయముగా తీగలు అతుకనక్కరలేదు. కాని ఏమి అడుగవలెనో ఎరిగి యుండుట మేలు.

ఏ మాడ్యూలు దేనికి?

బ్లూటూత్ మాడ్యూలు ఒక గది నుండి ప్రక్క గదికి, అనగా సుమారు 10 మీటర్ల దూరమునకు సరిపోవును. 2014లో వచ్చి విద్యార్థులలో మిక్కిలి ప్రచారము పొందిన ఈఎస్‌పీ 8266 వంటి వైఫై మాడ్యూళ్లు ఇంటి ఆవరణకు చాలును. కిలోమీటరు దూరమునకు లోరా అను పద్ధతి అనుకూలము. ఇది ఫ్రాన్సు దేశపు సైక్లియో సంస్థలో పుట్టినది. 2012లో అమెరికాకు చెందిన సెమ్‌టెక్ సంస్థ దానిని కొనినది. తక్కువ విద్యుత్తుతో, చిన్న వార్తలను, దూరమునకు పంపుట దీని గుణము. "ట్యాంకు ముప్పాతిక నిండినది" అను వార్తకు ఇంతకన్న వేగము అవసరము లేదు.

ఉదాహరణగా రెయాక్స్ సంస్థ వారి ఆర్‌వైఎల్‌ఆర్ 896 అను మాడ్యూలును తీసికొందము. ఇది 3.3 వోల్టులపై పనిచేయును. 5 వోల్టులు నేరుగా కలిపినచో చెడిపోవును. కంప్యూటరుతో గాని ఆర్డుయినో వంటి చిన్న బోర్డుతో గాని దీనిని కలిపి, 'ఏటీ' అను రెండక్షరములతో మొదలగు ఆజ్ఞలను పంపవలెను. ఆజ్ఞ నచ్చినచో మాడ్యూలు 'ఓకే' యని బదులిచ్చును. బదులు రానిచో రెంటి సంభాషణ వేగము ఒకటి కాదని అనుమానించవలెను. ఈ మాడ్యూలు మొదట సెకనుకు 1,15,200 బిట్ల వేగముతో మాటాడును.

మొదటి అమరిక: పౌనఃపున్యము

అన్నిటికన్న ముఖ్యమైనది ఇదియే. ఈ మాడ్యూలు కర్మాగారము నుండి 915 మెగాహెర్ట్జ్‌పై పలుకునట్లు వచ్చును. అది అమెరికా దేశములో అట్టి పరికరములకు విడిచిన 902–928 మెగాహెర్ట్జ్ భాగములోనిది. మన దేశములోనో, 890 నుండి 915 వరకు గల భాగము మొబైలు ఫోనులు తమ టవర్లకు పంపు తరంగములకు చెందినది. కావున పెట్టె విప్పిన వెంటనే అట్లే వాడుట పొరుగువాని చేనిలో నాగలి దింపుట వంటిది. మన దేశములో 865 నుండి 867 మెగాహెర్ట్జ్ భాగమును 2005 నాటి నియమములు లైసెన్సు అక్కరలేకయే స్వల్పశక్తి పరికరములకు విడిచినవి. ట్రాన్స్‌మిటరు శక్తి ఒక వాటు మించరాదు, తరంగపు వెడల్పు 200 కిలోహెర్ట్జ్ మించరాదు అని అందు ఉండెను. ఈ మాడ్యూలు గరిష్ఠశక్తి 15 డీబీఎం, అనగా వాటులో ముప్పదవ వంతు మాత్రమే. కావున శక్తి విషయమున భయము లేదు. పౌనఃపున్యమును 866 మెగాహెర్ట్జ్‌నకు మార్చుట మాత్రము మరువరాదు. రెండు కొసలయందును ఒకే అంకె యుండవలెను.

రెండవ అమరిక: వెడల్పు, విస్తరణ

వెడల్పు సంకేతము 7 అని వ్రాసినచో 125 కిలోహెర్ట్జ్ అగును. అది నియమమునకు లోబడియున్నది. 8 అన్నచో 250, 9 అన్నచో 500 అగును. అవి తగవు.

విస్తరణ గుణకము 7 నుండి 12 వరకు ఉండును. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది ప్రతి సంకేతమును పలుకు కాలము రెట్టింపగును. పన్నెండవ మెట్టున ఒక సంకేతమునకు సుమారు 33 మిల్లీసెకన్లు పట్టును. ఏడవ మెట్టున ఒక మిల్లీసెకను చాలును. సంతలో దూరమున నున్నవానికి ఒక్కొక్క అక్షరమును సాగదీసి కేకవేసినట్లే ఇదియును. నెమ్మదిగా పలికినకొలది దూరమునకు వినబడును, కాని ఆ సేపు ఇతరులకు దారి యుండదు. కావున అవసరమునకు మించి పెంచరాదు. ఊరిలోని దూరములకు 10తో ప్రారంభించి పరీక్షించుట మంచిది.

వార్త అందినప్పుడు మాడ్యూలు దానితోపాటు అది ఎంత బలముగా వినబడెనో ఋణాంకములో తెలుపును. –60 అన్నచో బలమైన సంకేతము. –120 దాటినచో అది అంచున నున్నదని, వర్షాకాలపు ఆకుపచ్చని చెట్లు అడ్డువచ్చినచో తెగిపోవచ్చునని ఎరుగవలెను. అప్పుడు మాడ్యూలును మార్చుటకన్న ఆంటెన్నాను ఎత్తుట లాభకరము. 866 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 34.6 సెంటీమీటర్లు. అందు నాలుగవ వంతు, అనగా సుమారు 8.65 సెంటీమీటర్ల నిటారు తీగ చక్కని ఆంటెన్నా అగును. దానిని ఇనుప పెట్టెలో దాచినచో ప్రయోజనము లేదు.

మూడవ అమరిక: చిరునామా, తాళము

ప్రతి మాడ్యూలునకు 0 నుండి 65,535 వరకు ఒక చిరునామా నీయవచ్చును. మొదట అన్నిటికిని సున్నయే యుండును. అట్లే విడిచినచో పొరుగు గ్రామపు యువకుడు కొనిన మాడ్యూలు మాటలు మీ మోటారునకు వినబడవచ్చును. చిరునామా ఇంటి నంబరు వంటిది మాత్రమే, తాళము కాదు. తాళము వేరుగా కలదు. 32 అక్షరముల సంకేతపదము రెండు కొసల నిచ్చినచో వార్త గూఢలిపిగా మారి పోవును. త్రాగునీటి మోటారును నడుపు వార్తకు ఈ తాళము తప్పనిసరి.

కరెంటు పోయినప్పుడు

పరీక్ష నాడు అన్నియు బాగుండును. అసలు పరీక్ష కరెంటు పోయి వచ్చిన తరువాత ఉండును. కొన్ని అమరికలను మాడ్యూలు గుర్తుంచుకొనును. కొన్నిటిని మరచిపోవును. మరచినది మరల 915కు పోయి, ఎవరికిని వినబడక యుండును. కాబట్టి బోర్డు ప్రారంభమైన ప్రతిసారియు అమరికలన్నిటిని మరల పంపి, 'ఓకే' వచ్చినదా యని చూచునట్లు ప్రోగ్రాము వ్రాయించవలెను.

వార్త రానప్పుడు మోటారు ఏమి చేయవలెను? "ఆగుము" అను మాట వచ్చువరకు తిరుగుచునే యుండునట్లు చేసినచో, ట్యాంకు మీది మాడ్యూలు చెడిన రాత్రి తెల్లవార్లు నీరు పొంగును. అందుకు మారుగా ట్యాంకు నిమిషమున కొకసారి మట్టమును తెలుపుచుండవలెను. ఐదు నిమిషములు వార్త రానిచో మోటారు తనంత తానే ఆగవలెను. నిశ్శబ్దమునకు అర్థము ఆగుటయే కావలెను. స్టార్టరుతో రిలేను కలుపు పని విద్యార్థులది కాదు. అచ్చట మూడు ఫేజుల విద్యుత్తు ప్రాణాపాయకరము. లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే చేయించవలెను.

సభ్యులు అడుగదగిన ప్రశ్నలు

1. పౌనఃపున్యము 865–867 లోపల నున్నదా? ఆజ్ఞ ఇచ్చి మా యెదుట చదివి చూపగలరా?
2. చిరునామా సున్న కాక వేరొకటియేనా? సంకేతపదము పెట్టినారా?
3. కరెంటు తీసి మరల ఇచ్చినచో ఎవరును ముట్టుకొనకయే పనిచేయునా?
4. ట్యాంకు మీది పెట్టెను ఆపినచో మోటారు ఎంతసేపటిలో ఆగును?
5. పాత చేతిస్విచ్చిని అట్లే యుంచినారా?

మూడవ, నాలుగవ ప్రశ్నలకు నోటిమాట చాలదు, చేసి చూపవలెను. సంతృప్తి కలిగిన పిదప అమరికల అంకెలన్నిటిని పంచాయతీ రిజిస్టరునందు వ్రాయించవలెను. సంకేతపదమును మాత్రము మూసిన కవరులో భద్రపరచవలెను. దీనిని చేసిన యువకుడు రేపు చదువునకో ఉద్యోగమునకో పట్టణమునకు పోవును. ఆ అంకెలు అతని జ్ఞాపకమునందే యున్నచో పరికరమును అతనితోనే పోయినట్లు. రిజిస్టరులో నున్నచో, క్రొత్త మాడ్యూలు కొని, మరియొక విద్యార్థి ఒక్క పూటలో దానిని నిలబెట్టగలడు. అప్పుడే అది ఒకరి వినోదముగా గాక గ్రామపు ఆస్తిగా నిలుచును.