మంచినీళ్ళ ప్రాయం

ఏ పనియైనను మిక్కిలి సులభమని చెప్పవలసివస్తే, అది వానికి మంచినీళ్ళ ప్రాయమని అంటాము. ధనాన్ని లెక్కలేకుండా వెచ్చించేవానిని చూచి, నీళ్ళవలె ఖర్చుపెట్టుచున్నాడని అంటాము. ఈ మాటలు పుట్టిన కాలంలో నీళ్ళకు కరవు లేదని కాదు. ఎండిన బావులు ఆనాడూ ఉన్నవి. క్రోసుల దూరం కడవలు మోసిన స్త్రీలు ఆనాడూ ఉన్నారు. కాని దప్పిగొని వాకిట నిలిచినవానికి పోసే చెంబెడు నీళ్ళకు వెల కట్టవచ్చునన్న ఊహ మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ నిలిచినవాడు ఎవడు, వానికి చెంబు అందించినారా, దోసిట పోసినారా అన్న ప్రశ్న వేరు. దానిని ముందు ముచ్చటించుకొందాము.

ఈ పలుకుబళ్ళు నాకు జ్ఞాపకం వచ్చిన సందర్భం ఒకటి ఉన్నది. గడచిన ఒక వేసవిలో ఖమ్మం నుండి భద్రాచలానికి బస్సులో పోవుచున్నాను. సుమారు 120 కిలోమీటర్ల త్రోవ. వైశాఖ మాసపు ఎండ. బొగ్గుగనుల సీమలో మే నెలలో వేడిమి 45 డిగ్రీలు దాటుట క్రొత్త సంగతి కాదు. కొత్తగూడెం దాటిన తరువాత అడవి అంచున ఒక కూడలిలో బస్సు ఆగినది. ప్రయాణికులందరితో పాటు నేనూ దిగి, అక్కడి భోజనశాలలో కూర్చున్నాను. కూర్చున్నదే తడవుగా, అడుగకుండానే, నా యెదుట ఒక నీళ్ళ సీసా వచ్చి నిలిచినది. నేనూ మారు మాటాడక మూత త్రిప్పినాను.

నా ప్రక్క బల్లకడ ఒక ముసలి కోయదొర, ఏడెనిమిదేండ్ల మనుమడు కూర్చుండినారు. పిల్లవానికి ఒక పళ్ళెం ఇడ్లీ తెప్పించినాడు. తనకేమీ తెప్పించుకొనలేదు. పిల్లవాడు కారపు పచ్చడి నంజుకొని నీళ్ళు అడిగినాడు. ముసలివాడు వడ్డించే కుర్రవానిని పిలిచి నీళ్ళు పోయమన్నాడు.

“ఒట్టి నీళ్ళు లేవు తాతా. సీసా ఇరవై రూపాయలు” అన్నాడు కుర్రవాడు.

ముసలివాడు గోడవైపు చూచినాడు. అక్కడ చేతులు కడుగుకొనే కుళాయి కారుచున్నది. “మరి ఆ నీళ్ళు తాగరాదా బిడ్డా?” అని అడిగినాడు. కుర్రవాడు నీళ్ళు నమిలినాడు. తాగవచ్చునని అనలేడు, తాగరాదని అనలేడు. ముసలివాడు లేచి, మనుమని కుళాయి దగ్గరకు తీసికొనిపోయి, దోసిలి పట్టించి త్రాగించినాడు.

నేను నా సీసా అందించబోయినాను. ఆయన చిన్నగా నవ్వి, “నీళ్ళకు బాకీ పడుడెందుకయ్యా? మా దిక్కు వచ్చినప్పుడు మా చెలమ నీళ్ళు తాగిపోండ్రి” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అందువలననే అది నన్ను ఎక్కువగా నొప్పించినది. ఆ సీసాలోని నీళ్ళు ఆ తరువాత నాకు రుచింపలేదు.

భోజనశాలలు అడిగినవారికి వెల లేకుండా మంచినీళ్ళు ఇవ్వవలెనా, అక్కరలేదా? ఇది చిన్న ప్రశ్నవలె కనిపించును. కాని ఇందులో ధర్మం ఉన్నది, చట్టం ఉన్నది, వ్యాపారం ఉన్నది. అన్నిటికన్న ముఖ్యంగా, మనిషిని మనిషి చూచే చూపు ఉన్నది.

ధర్మం మాట ముందు చెప్పుకొందాము. జలదానానికి మనవారు ఇచ్చిన స్థానం ఇంతింత కాదు. సప్తసంతానాలలో కన్నకొడుకుతో సమానంగా చెరువును చేర్చినారు. ఈ సీమలోనే, కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారం చెరువు నేటికీ ఉన్నది. ఆ చెరువుగట్టు శాసనమే కాకతీయుల వంశక్రమాన్ని మనకు తెలియజెప్పిన ఆధారాలలో ముఖ్యమైనది. రాజవంశపు చరిత్ర చెరువుగట్టు మీద మిగిలియుండుట ఎంత ఉచితం! చెరువు త్రవ్వించలేనివాడు బావి త్రవ్వించినాడు. బావి త్రవ్వించలేనివాడు వేసవిలో తాటాకుల పందిరి వేసి, ఇసుక పోసి, తడిగుడ్డ చుట్టిన కుండలు నిలిపి చలివేంద్రం పెట్టినాడు. శ్రీరామనవమినాడు భద్రాద్రికి పోయినవారు ఈ సంప్రదాయం ఇంకను బ్రదికియుండుట చూడవచ్చును. పానకం, వడపప్పు, మజ్జిగ, మంచినీళ్ళు పందిళ్ళలో పంచుచుందురు. అక్కడ చేయి చాపినవానిని ఊరడుగరు, పేరడుగరు.

కాని పండుగ మరునాడు? అదే యాత్రికుడు అదే ఊరిలో నీళ్ళు కొనుక్కొనవలసినదే. ఏ ఊరిలో? 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు ఎత్తున గోదావరి ఉప్పొంగిన ఊరిలో! 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని నీటిమట్టాన్ని పంచాంగం వలె చదువుకొనే ఊరిలో, తొలకరి వచ్చినదంటే నీళ్ళకు భయపడే ఊరిలో, వేసవి వచ్చినదంటే నీళ్ళకు వెల చెల్లించవలసి యున్నది.

ఈ సీమ ఎల్లలకు నిలుకడ లేదు. ఒకనాడు గోదావరికి ఈ యొడ్డు నైజాము, ఆ యొడ్డు ఆంగ్లేయుల ఏలుబడి. 1959లో భద్రాచలం తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాలోనికి వచ్చినది. 1965లో వంతెన పడి రెండు యొడ్లు కలిసినవి. 2014లో చుట్టుప్రక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశానికి పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. నేడు పట్టణం వెలుపలికి నాలుగడుగులు వేస్తే వేరొక రాష్ట్రం. ఎల్లలు ఎన్ని మారినను అడవిలో నడచివచ్చేవాని దప్పిక మారలేదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ వైపునుండి తరలివచ్చి ఈ అడవులలో గుడిసెలు వేసికొన్న గొత్తికోయల ఆవాసాలు పలుచోట్ల నేటికీ వాగు చెలమలనే నమ్ముకొని ఉన్నవి. వారు సంతకు, ఆసుపత్రికి, కచేరీకి రావలెనంటే ఈ త్రోవల మీదనే రావలెను.

ఇక చట్టం. 1867 నాటి సరాయిల చట్టం ప్రకారం ఏ హోటలులోనైనను ఉచితంగా నీళ్ళు అడిగి త్రాగే హక్కు మనకున్నదని చాలామంది చెప్పుకొనుట కద్దు. చట్టాన్ని తెరచి చదివినవారికి అంత తేటమాట అందులో కనబడదు. సరాయి యజమాని గదులను, కాలువలను, బాటసారులకూ పశువులకూ నీరందించే బావులను, కుంటలను శుభ్రంగా ఉంచవలెనని మాత్రం ఉన్నది. నీళ్ళు ఇవ్వవలెనా వద్దా అన్న సంశయమే ఆనాటి శాసనకర్తలకు కలుగలేదు. శుభ్రమైన నీరు ఉండవలెనన్న చింతయే కలిగినది.

2017 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పును హోటలు యజమానులు తరచు ఉదాహరించుచుందురు. హోటలులో సీసా నీళ్ళను ముద్రించిన గరిష్ఠ ధరకన్న ఎక్కువకు ఇచ్చినను తూనికలు కొలతల చట్టం క్రింద నేరం కాదని, అక్కడ జరిగేది ఒట్టి అమ్మకం కాక కూర్చుండబెట్టి చేసే సేవ కూడా అని ఆ తీర్పు సారాంశం. కాని ఆ తీర్పు సీసా ధరను గూర్చినది. సీసా వద్దన్నవానికి గ్లాసెడు నీళ్ళు ఇవ్వనక్కరలేదని అది చెప్పలేదు. పైగా సేవకు కూడా వెల తీసికొనుచున్నామని వాదించినవారు, ఆ సేవలో మొట్టమొదటిదైన మంచినీళ్ళను ఎట్లు మినహాయింతురు? హైదరాబాదు మహానగరంలో హోటళ్ళు శుద్ధమైన నీటిని ఉచితంగా ఇవ్వవలెనని 2023లో పురపాలక శాఖ ఉత్తర్వు చేసినది. నగరవాసికి తగిన న్యాయం అడవి అంచు బాటసారికి తగదా?

పరదేశాల సంగతి చూడండి. ఫ్రాన్సులో భోజనంతో పాటు కూజాడు నీళ్ళు వెల లేకుండా ఇవ్వవలెనన్న నియమం 1967 నుండి ఉన్నది. 2020లో చేసిన చట్టం, ఆ సంగతిని భోజనశాలలు అందరికీ తెలియపరచవలెనని కూడా విధించినది. ఇంగ్లండులోను, వేల్సులోను మద్యం అమ్ముటకు అనుమతి పొందిన శాలలు అడిగిన గిరాకీకి కుళాయి నీళ్ళు ఊరకే ఇవ్వవలెనని 2010లో నియమించినారు. చలిదేశాలవారు నియమాలు వ్రాసికొనిరి. 2015 మే నెలలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాలలో వేయిమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన మనము మాత్రం ఇంకను తర్కించుకొనుచున్నాము.

అయితే హోటలు యజమాని మాట కూడా వినవలెను. ఆనాడు బస్సు బయలుదేరుటకు ముందు నేను ఆ యజమానితో మాటాడినాను. ఆయన దుర్మార్గుడు కాడు. “వేసవిలో నా బోరు ఎండిపోతుందండీ. డబ్బాలు కొని వాడుతున్నాను. బస్సు ఆగితే యాభైమంది దిగుతారు. పదిమంది తింటారు, నలభైమంది నీళ్ళు తాగిపోతారు. కుళాయి నీళ్ళు పోసి ఎవరికైనా జబ్బు చేస్తే నామీదికి వస్తుంది” అన్నాడు. మూడును త్రోసివేయదగిన మాటలు కావు.

ఒక్కొక్కటిగా విచారింతము. జబ్బు మాట తీసికొందాము. 2006 నాటి ఆహార భద్రతా చట్టం క్రింద 2011లో చేసిన నిబంధనల ప్రకారం వంటకు వాడే నీరు త్రాగుటకు పనికివచ్చేదై ఉండవలెను. సాంబారు కాగునని అనుకొన్నను, పచ్చడి కాగదు; పళ్ళెం కడిగిన నీరు కాగదు. కనుక త్రాగుటకు పనికిరాని నీరు ఆ ఇంట ఉన్నదంటే అక్కడ ఇడ్లీ తినుట కూడా ప్రమాదమే. త్రాగుటకు పనికివచ్చునంటే గ్లాసులో పోయుటకు అభ్యంతరం ఏమి? ఈ రెండింటి నడుమ మూడవ త్రోవ లేదు.

ఖర్చు మాట నిజం. కాని ఉప్పుకు, కరివేపాకుకు, చేతులు తుడుచుకొనే కాగితానికి వేరుగా చీటీ వ్రాయుట లేదు కదా! అవన్నియు భోజనపు వెలలో కలిసియే ఉన్నవి. తిన్నవానికి ఇచ్చే నీళ్ళ ఖర్చును కూడా అట్లే కలుపుకొనవచ్చును. దాపరికం లేకుండా పళ్ళెం మీద అర్ధరూపాయి పెంచినను ఎవరూ నొచ్చుకొనరు. దప్పిక మీద ఇరవై రూపాయలు తీసికొనుటయే నొప్పించును.

తినకుండా నీళ్ళు త్రాగిపోయే నలభైమంది మాట? ఇక్కడ భారమంతయు హోటలువాని నెత్తిన వేయుట న్యాయం కాదు. అది పంచాయతీ బాధ్యత, బస్సులు నడిపేవారి బాధ్యత. గోదావరి, కృష్ణా జలాలను శుద్ధిచేసి ఇంటింటికి చేర్చుటకై 2016లో మిషన్ భగీరథ పథకం ప్రారంభమైనది. ఆ గొట్టం ఊరి ఇండ్లవరకు వచ్చినప్పుడు, బస్సులు ఆగే కూడలికి రెండు కుళాయిలు ఇచ్చుట అసాధ్యం కాదు. హోటలు నీటిని ఏటా రెండుమార్లు పరీక్షించి, ఫలితాన్ని గోడమీద వ్రేలాడదీయుట కూడా పంచాయతీయే చేయవచ్చును. అప్పుడు యజమానికి భయం ఉండదు, గిరాకీకి సందేహం ఉండదు. అడుగనిదే సీసాను బల్లమీద పెట్టరాదన్న చిన్న మర్యాద ఒకటి పాటించిన చాలును. సగం చిక్కు అక్కడనే తీరును.

ఇక ముందు ముచ్చటించుకొందామన్న మాట. మన జలదాన చరిత్ర అంతయు పన్నీరు కాదు. అదే చెరువు మీద కొందరిని మెట్టు దిగనీయలేదు. రైలు స్టేషనులలో హిందువులకొక కుండ, ముసల్మానులకొక కుండ పెట్టిన కాలం పోయి ఎన్నో తరాలు కాలేదు. మహాద్ పట్టణపు చవదార్ చెరువులో నీళ్ళు త్రాగుటకై 1927 మార్చి 20న అంబేద్కరు వేలమందిని వెంటబెట్టుకొని నడువవలసి వచ్చినది. టీ కొట్లలో కొందరికి వేరు గ్లాసు పెట్టిన దురాచారం మన పల్లెలకు తెలియనిది కాదు. అందువలననే మన రాజ్యాంగం 15వ అధికరణంలో భోజనశాలలను, హోటళ్ళను ఒక వాక్యంలోను, బావులను, చెరువులను ఆ వెనువెంటనే మరియొక వాక్యంలోను పేర్కొని, అక్కడ ఏ పౌరుని అడ్డగింపరాదన్నది. అన్నమూ నీరూ దొరికే చోటులే మనిషి విలువకు గీటురాళ్ళని దానిని వ్రాసినవారికి తెలియును.

ఆ రెండు గ్లాసులు పోయినవని మనము సంతోషించుచుండగా, మరి రెండు గ్లాసులు వచ్చి కూర్చున్నవి. కొనగలిగినవానికి మూత బిగించిన సీసా. కొనలేనివానికి చేతులు కడిగే కుళాయి. ఇందులో కులం పేరు లేదు; ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. అయినను ఆ మధ్యాహ్నం ఒకే పైకప్పు క్రింద నేను కూర్చుండి త్రాగినాను, ఆ పిల్లవాడు గోడవైపు తిరిగి దోసిట త్రాగినాడు. ఇద్దరమూ ఆ ఇంట డబ్బిచ్చి తిన్నవారమే.

కనుక భోజనశాల ఉచితంగా నీళ్ళు ఇవ్వవలెననుట దానధర్మాల కొరకు చేసే విన్నపం కాదు. పళ్ళెం ముందు కూర్చున్నవారందరూ ఒక్కటేయని తెలిపే గుర్తు అది. సీసా కోరినవానికి సీసా ఇచ్చుటలో తప్పు లేదు. కాని బల్లమీద అందరికీ ఒకే కూజా ఉండవలెను, ఒకే తీరు గ్లాసు ఉండవలెను.

దాహం వేసినప్పుడు బావి త్రవ్వినట్లు, ఎండలు ముదిరిన తరువాత ఉత్తర్వులు వెదకుకొనుట మనకు అలవాటు. ఈ మాఘంలోనే ఆ ఏర్పాటు చేసికొంటే వైశాఖానికి అంది వచ్చును. ఆ ముసలివాని ఊరు నేను అడుగలేదు. కనుక ఆ చెలమ నీళ్ళు త్రాగుట ఇంకను నాకు బాకీయే. నేను మాత్రం ఆ త్రోవన పోయినప్పుడెల్ల, సీసా రాకముందే గ్లాసు నీళ్ళు అడుగుచున్నాను. ఒకసారి లేవన్నారు. ఒకసారి తెచ్చి ఇచ్చినారు. అప్పుడు ప్రక్క బల్లవారు కూడా ధైర్యం చేసి అడిగినారు.