మూత్రంలో కనిపించే నెలసరి రక్తం

మూత్రాశయం గర్భాశయపు కింది భాగాన్ని ముందువైపు ఆనుకొని ఉంటుంది కాబట్టి, సిజేరియన్‌లో వైద్యులు సాధారణంగా దాన్ని విడదీసి కిందికి జరిపిన తర్వాతే గర్భాశయాన్ని కోస్తారు. పాత సిజేరియన్ల వల్ల ఈ రెండూ అతుక్కుపోయినప్పుడు మూత్రాశయపు గోడ తెలియకుండా చిరిగినా, కుట్టు దానిలోకి దిగినా, ఆ గాయం దగ్గర రెండు అవయవాలనూ కలిపే దారి ఏర్పడవచ్చు. ఇలాంటి దారినే ఫిస్టులా అంటారు. ఇది అరుదైనదే గాని, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే అయినందున, తెలుగు కుటుంబాలు దీని గురించి తెలుసుకొని ఉండటం అవసరం.

మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడితే మూత్రం ఎడతెగక కారుతుంది గనుక జబ్బు దాగదు. గర్భాశయంతో ఏర్పడిన దారి విషయంలో మాత్రం, గర్భాశయపు మెడ దగ్గరి బిగువు మూత్రాన్ని అడ్డుకోవడం వల్ల కొందరిలో చుక్క కూడా కారదు. నెలసరి రక్తం యోని గుండా రావడం మానేసి, నెలనెలా మూత్రంలో కనిపిస్తుంది. 1957లో యూసెఫ్ అనే వైద్యుడు వివరించినందున దీనికి యూసెఫ్ సిండ్రోమ్ అనే పేరు వచ్చింది. నెలసరి ఆగిందని ఒకచోట, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని మరొకచోట మందులు వాడుతూ కాలం గడిపే స్త్రీ బాధ తీరాలంటే, ఈ రెండు లక్షణాలనూ కలిపి చూసే వైద్యుడు కావాలి. సిస్టోస్కోపీ, అంటే మూత్రాశయంలోకి సన్నని కెమెరా గొట్టాన్ని పంపి చూసే పరీక్షతో పాటు, రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే, స్కానింగ్‌లు దారిని బయటపెడతాయి.

రంధ్రం చిన్నదై త్వరగా బయటపడితే, క్యాథెటర్ అనే గొట్టంతో కొన్ని వారాలు మూత్రాన్ని బయటికి పంపడం, నెలసరిని తాత్కాలికంగా ఆపే హార్మోన్లు ఇవ్వడం వల్ల కొద్దిమందిలో అది దానంతటదే మూసుకుంటుంది. మిగిలినవారికి శస్త్రచికిత్సే మార్గం. వాపు తగ్గి కణజాలం కుదుటపడటానికి తరచు మూడు నెలల వరకూ ఆగుతారు. పొట్ట కోసి గాని, లాప్రోస్కోపీ లేదా రోబో సాయంతో గాని చేసే ఈ చికిత్సలో సర్జన్ రెండు అవయవాలనూ పూర్తిగా విడదీసి, దారి చుట్టూ ఉన్న చెడిన కణజాలాన్ని కోసివేసి, మూత్రాశయాన్నీ గర్భాశయాన్నీ వేర్వేరుగా కుడతారు. ఆ రెండు కుట్ల నడుమ, పేగుల ముందు వేలాడే కొవ్వుపొరలో కొంత భాగాన్ని తెచ్చి అమర్చడం ఇందులో కీలకమైన మెలకువ. రక్తప్రసరణ బాగా ఉన్న ఆ పొర గాయం మానడానికి తోడ్పడుతూ, రెండు గోడలూ మళ్లీ కలవకుండా అడ్డుగా నిలుస్తుంది. తర్వాత రెండు మూడు వారాలు క్యాథెటర్ ఉంచి, మూత్రాశయం నిండకుండా కుట్లకు విశ్రాంతినిస్తారు.

ఇక పిల్లలు వద్దనుకున్నవారికి గర్భాశయాన్ని తీసివేయడమూ ఒక పద్ధతే గాని, ఫిస్టులా ఉన్నంత మాత్రాన అది తప్పనిసరి కాదన్న సంగతిని ప్రతి రోగికీ ముందే విడమరచి చెప్పాలి. మరమ్మతు తర్వాత నెలసరి మళ్లీ సహజ మార్గంలో వస్తుంది, గర్భం దాల్చినవారూ ఉన్నారు. అయితే ఆ కాన్పును సాధారణంగా సిజేరియన్‌తోనే చేస్తారు.