మంచు ఏది? తెగులు ఏది?



పుష్యమాసములో ఒక ఉదయము భావనపాడు రచ్చబండ వద్ద కొందరు రైతులు సెల్ ఫోనులో బొమ్మలు చూచుచుండిరి. 2025 జనవరి 21వ తేదీన అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరముపై మంచు కురిసిన దృశ్యములవి. అదియు మనవలెనే సముద్రపు గాలి తగులు ఉక్క ప్రదేశమే. అట్టి చోట ఒక్క దినములో 8 అంగుళముల మంచు పడినది. తెలుగువారు అనేకులు నివసించు హ్యూస్టన్ లోనూ ఆనాడే వీధులు తెల్లబడినవి.

"మనకీ పడతాదా బాబూ?" అని ఒక పెద్దాయన అడిగెను. ప్రక్కనున్న రైతు "మా మావిడి పూత మీద అప్పుడే పడిపోనాది" అనెను.

మొదటి ప్రశ్నకు జవాబు సులభము. అమెరికాలో ఉత్తర ధ్రువపు చలిగాలిని అడ్డగించుటకు తూర్పు పడమరలుగా పర్వతము లేదు. ఆ గాలి దక్షిణమునకు దిగి, వెచ్చని అఖాతము నుండి వచ్చు తేమను కలియగా మంచు కురిసినది. మనకు హిమాలయములు గోడవలె నిలిచి ఆ గాలిని ఆపుచున్నవి. ప్రక్కనే ఉన్న సముద్రము రాత్రివేళ మన నేలను మిక్కిలి చల్లబడనీయదు.

మరి లంబసింగి మాటేమి? అందురు. చింతపల్లి దరినున్న ఆ గ్రామము సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున గలదు. గాలి, మబ్బు లేని రాత్రులలో నేలలోని వేడి ఆకాశమునకు పోవును. అప్పుడు గడ్డిపై చేరిన తేమ ఒక్కొక్కప్పుడు గడ్డకట్టి తెల్లగా కనిపించును. అది పైనుండి కురిసినది కాదు. మన తీరమున ఆ తేమయే నీటి బొట్టుగా నిలుచును.

ఇక రెండవ మాట. నేను ఆ రైతు తోటకు పోయి చూచితిని. ఎండ బాగుగా ఎక్కినది, ఆకులపై తడి ఆరినది. కాని పూగుత్తులపై తెలుపు పోలేదు. వ్రేలితో రాయగా పిండి అంటుకొనినది. అది మంచు కాదు, బూడిద తెగులు. క్రిందటి సంవత్సరము పూత ఎండి, పిందె నిలువకపోగా ఆయన "మంచు కొట్టింది, ఏటి చేస్తాం" అని ఊరకుండెనట. దైవాధీనమని విడిచిన పంట నిజమునకు చేతిలోనిదే!

మన భాషలో అన్నిటికీ మంచు అనియే పేరు. కావున ఈ గుర్తులు జ్ఞాపకముంచుకొనుడు:

1. వ్రేలికి తడి తగిలి, ఎండ రాగానే ఆరిపోవునది మంచు. దానికి మందు అక్కరలేదు. కాని చల్లని రాత్రులు, తేమగల ఉదయములు తెగులునకు అనుకూలము. ఆ దినములలో ప్రతి ఉదయము పూత పరీక్షింపవలెను.

2. ఎండిన తరువాతయు బూడిదవలె అంటునది తెగులు. పూమొగ్గలు విచ్చకముందే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకము కలిపి గుత్తులు తడియునట్లు పిచికారి చేయవలెను. వరికోసిన పొలములలోని మినుము, పెసర ఆకులపై ఇట్టి బూడిద కనిపించినను ఇదే మోతాదు చాలును. మండుటెండలో గంధకము చల్లరాదు. నిండు పూతలో తేనెటీగలు తిరుగువేళ ఏ మందును కొట్టరాదు.

3. జిగురుగా అంటి, తరువాత ఆకు నల్లబడినచో అది తేనెమంచు పురుగు విసర్జించిన జిగురు. దీనికి గంధకము పనిచేయదు. పురుగును చూపి తగిన మందు తెలిసికొనవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. పూత సమయమున "మంచు కొట్టింది" అని ఎవరైనను చెప్పినచో, ఆ గుత్తినొకదానిని రైతు సేవా కేంద్రమునకు తెప్పించి చూపింపుడు. న్యూ ఆర్లియన్స్ మంచు కొలది దినములలో కరిగిపోయినది. మన పూతపై తెలుపు దానంతట అది కరుగదు.