పాత కంప్యూటర్ మొరాయిస్తే...

నర్సీపట్నం: పాత కంప్యూటర్ మొరాయించగానే గొలుగొండ, రోలుగుంట వైపు నుంచి సీపీయూను బస్సులో నర్సీపట్నం మోసుకురానక్కర లేదు. కొన్ని లోపాలను ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు. అయితే పెట్టె విప్పే ముందు ప్లగ్గు తప్పక తీసేయాలి.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ పాత సంవత్సరానికి పోతుంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. తేదీ తప్పుగా ఉంటే చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు. దరఖాస్తుకు ఆఖరి రోజున ఇలా జరిగితే విద్యార్థి నష్టపోతాడు. చాలా కంప్యూటర్లలో ఉండేది 3 వోల్టుల సీఆర్ 2032 రకం. కొత్తది వేసి తేదీ సరిచేస్తే చాలు.

బీప్ శబ్దాలు వచ్చి తెర వెలగకపోతే ర్యామ్‌ను తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి తిరిగి బిగించాలి.

హార్డ్ డిస్కు టకటకమంటే మాత్రం ఆలస్యం పనికిరాదు. ముందుగా పొలం కాగితాలు, పెళ్లి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. డిస్కు పోయాక వాటిని రాబట్టడం కష్టం, ఖర్చు కూడా.