కారు స్థిరత్వ నియంత్రణ – చోదకుని స్వేచ్ఛ

మన పిల్లలు పెద్దవారై, చేతికి జీతం రాగానే శక్తివంతమైన స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలని ముచ్చటపడటం సహజమే. జారుతున్న కారును సరిదిద్దే ఏర్పాటు ఆ కార్లలో ఉంటుంది. దానిని సడలించడానికో, ఆపివేయడానికో ఒక మీట కూడ ఉంటుంది. “నడపడం వచ్చినవాడికి ఇదెందుకు?” అని అబ్బాయి దానిని ఆపివేస్తే తల్లిదండ్రులు ఏమి చెప్పాలి? ముందుగా అది చేసే పనేమిటో తెలుసుకుందాం.

ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అనే ఈ ఏర్పాటు 1995లో మెర్సిడెస్ పెద్ద కార్లలో ప్రవేశించింది. 1997లో స్వీడన్‌లో, అడ్డువచ్చిన దుప్పిని తప్పించే తీరున జరిపిన పరీక్షలో ఆ సంస్థవారి చిన్నకారు ఏ-క్లాస్ బోల్తాపడింది. ఆ తరువాత దానికి కూడ ఈ ఏర్పాటును తప్పక అమర్చసాగారు.

స్టీరింగు ఎంత తిరిగింది, ఒక్కొక్క చక్రం ఎంత వేగంతో పోతున్నది, కారు తన నిలువు అక్షం చుట్టూ ఎంత త్వరగా తిరుగుతున్నది – వీటన్నిటినీ సెన్సర్లు నిరంతరం కొలుస్తుంటాయి. చోదకుడు కోరిన దారికీ, కారు పోతున్న దారికీ తేడా వస్తే కంప్యూటరు కలగజేసుకుంటుంది. ఎడమ మలుపులో కారు వెనుకభాగం బయటికి జారితే కుడివైపు ముందు చక్రానికి బ్రేకు వేస్తుంది. ముందు చక్రాలు మలుపు తిరగక నేరుగా పోతుంటే ఎడమవైపు వెనుక చక్రానికి వేస్తుంది. అవసరమైతే ఇంజను శక్తినీ తగ్గిస్తుంది. ఎంతటి నిపుణుడైనా ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేయలేడు. అతని కాలికింద ఉన్న పెడలు ఒక్కటే కదా!

ఫెరారీ సంస్థ 2004 నాటి ఎఫ్430 కారులో ఈ మీటను స్టీరింగు మీదనే అమర్చింది. దానిని ‘రేస్’ వైపు తిప్పినంత మాత్రాన టైర్లకు కొత్త పట్టు రాదు. కంప్యూటరు మరికొంత జారుడును సహించి, ఆలస్యంగా కలగజేసుకుంటుంది, అంతే. పట్టును నిర్ణయించేది ఘర్షణ. 330 అడుగుల వ్యాసార్థం గల మలుపును తీసుకుందాం. ఘర్షణ గుణకం 0.9 ఉండే పొడి రోడ్డుమీద గంటకు సుమారు 66 మైళ్ల వేగం వరకు కారు దారి తప్పదు. గుణకం 0.1 ఉండే మంచుగడ్డ మీద ఆ హద్దు 22 మైళ్లే. హద్దు దాటి పోతున్న కారును ఏ కంప్యూటరూ మలుపులో నిలపలేదు.

అమెరికాలో 2012 మోడలు నుండి కార్లన్నిటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి. దీనివల్ల ఒక్క కారే చిక్కుకొనే ప్రాణాంతక ప్రమాదాల అవకాశం దాదాపు సగం తగ్గుతుందని పరిశోధకులు తేల్చారు. చోదకుడు ఆపివేసినా, ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేయగానే ఇది పనిచేయాలని అక్కడి నిబంధన.

ఆపివేయడం ఎల్లవేళలా తప్పు కాదు. మంచులో కూరుకొన్న కారును బయటికి తీయడానికి అది సాయపడవచ్చు. రేస్ ట్రాకు మీద, శిక్షకుని సమక్షంలో, జారే కారును అదుపు చేయడం నేర్చుకోవచ్చు. అక్కడ పొరపాటుకు చోటుంటుంది. మనం రోజూ పోయే రోడ్డుమీద ఎదురుగా మరొక కుటుంబం వస్తుంటుంది. అబ్బాయికి చెప్పవలసిన సమాధానం ఇదే.